గట్టుకు కాపు ఎవరు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగానికి సగం పిల్లల చదువుల గురించీ, పెళ్లిసంబంధాల గురించీ వుంటాయి. ఈ వారం వచ్చినవాటిలో ఒకటి మాత్రం చెరువు గురించి. రాసిన ఇల్లాలిది విజయనగరం జిల్లాలో, గజపతినగరం దాటి కొండలవైపు వెళితే వచ్చే ఒక పల్లె. ఊరి పేరు ఆమె రాశారు గాని ఇక్కడ అచ్చు వెయ్యడం లేదు. వేస్తే ఊళ్లో ఇప్పటికే వున్న తగవులో ఆమె కూడా ఒక కక్షి అయిపోతారు. ఉత్తరం సారాంశం ఇది:

"మా ఇల్లు చెరువుగట్టుకు దిగువన వుందండీ. వాన పట్టిందంటే మా అత్తగారు నడుం వాల్చరు. గట్టు మొదట్లో ఎప్పుడూ చెమ్మగా వుంటుంది. అలుగు దగ్గర చేపలవాళ్లు వల కట్టారు. తియ్యమంటే, 'వేలంలో పాట పాడుకున్నాం, డబ్బు కట్టాం, చేపలు కొట్టుకుపోతే మీరిస్తారా?' అంటున్నారు. పొలాలవాళ్లేమో అలుగుమీద ఇసుకబస్తాలు పేర్చారు. మావారిని అడిగితే, 'తాతలనాటి గట్టు, దానికేమవుతుంది?' అంటారు. మా అత్తగారిది చాదస్తమా, లేక నిజంగా భయపడవలసిందేనా?"

అమ్మా, మీ అత్తగారిది చాదస్తం కాదు. మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి: చెమ్మ, వల, బస్తాలు, తాతలనాటి గట్టు. ఈ నాలుగింటిలో ఏది ప్రమాదమో, ఏది కాదో ఆమె లెక్క కట్టి చెప్పలేకపోవచ్చు. కాని రాత్రిపూట మెలకువగా వుండవలసిన అవసరం ఒకటి వుందని మాత్రం ఆమెకు తెలిసింది. ఊళ్లో పెద్దమనుషులకు తెలియనిదే అది.

ముందు వల సంగతి, బస్తాల సంగతి చూద్దాం. ఈ రెండూ ఒకటే.

చెరువుకు రెండు దారులుంటాయి. ఒకటి మదుము. దీన్నే కొన్నిచోట్ల తూము అంటారు. అది పొలాలకు నీరు ఇచ్చే దారి. రెండవది అలుగు. చెరువు నిండిన తరువాత మిగిలిన నీరు గెడ్డలోకి పోయే దారి. మదుము పాడైతే పంట పోతుంది. అలుగు పాడైతే ఊరు పోతుంది. ఎందువల్లనంటే మన చెరువుగట్లు మట్టివి. రాతి ఆనకట్ట మీదనుంచి నీరు పొర్లినా చాలావరకు అది తట్టుకుంటుంది. మట్టిగట్టుకు ఆ శక్తి లేదు. దానిమీద జానెడు లోతున నీరు పొర్లినా, ఆ నీరు గట్టు వెనకవాలు మీద దిగుతూ ముందు ఒక చాలు కోస్తుంది. చాలు కాలువ అవుతుంది. కాలువ వెనక్కు వెనక్కు తినుకుంటూ వెళ్లి చెరువులోకి నోరు తెరుస్తుంది. దానినే గండి అంటున్నాం. పొయ్యిమీద పాలు పొంగుతున్నప్పుడు గిన్నెమీద మూత బిగించి కూర్చునే ఇల్లాలు వుండదు. అలుగుమీద బస్తాలు పేర్చడం అచ్చంగా అలాంటి పనే.

ఒక చిన్న లెక్క చెబుతాను. అలుగుమీద ఒక అడుగు లోతున పారే నీటికంటె రెండడుగుల లోతున పారే నీరు రెట్టింపు వుంటుందని మనం అనుకుంటాం. కాదు, దాదాపు మూడురెట్లు వుంటుంది. లోతు పెరిగినకొద్దీ ప్రవాహం వేగం కూడా పెరగడమే కారణం. దీన్ని తిరగవేసి చూడండి. పెద్దవరదలో రెండడుగుల లోతున పారవలసిన అలుగుమీద ఒక అడుగు ఎత్తున బస్తాలు పేరిస్తే, దాని శక్తి సగానికి తగ్గదు, మూడోవంతుకు పడిపోతుంది. "ఒక్క అడుగే కదండీ" అన్న రైతు మూడుపాళ్లలో రెండుపాళ్లు మూసివేశాడన్న మాట. చేపలవల బస్తాలంత నేరం చెయ్యదు గాని, గెడ్డలో కొట్టుకువచ్చే కొమ్మలు, గడ్డిమోపులు, గుర్రపుడెక్క ఆ వలకు పట్టుకున్నాయంటే అది వల కాదు, గోడ.

చేపలకోసం అలుగు బిగించిన కథ ప్రపంచంలో ఒకచోట చాలా ఖరీదైనది అయింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనేచోట 72 అడుగుల ఎత్తున ఒక మట్టికట్ట వుండేది. దాన్ని కోటీశ్వరుల క్లబ్బు ఒకటి కొనుక్కుంది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడే. కట్ట అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలు వుండేవి. వాటిని అంతకుముందు యజమాని పీకి అమ్ముకున్నాడు. క్లబ్బువారు మళ్లీ పెట్టించలేదు. బళ్లు ఎదురెదురుగా వచ్చినా ఇబ్బంది లేకుండా కట్టను కాస్త చదును చేసి ఎత్తు తగ్గించారు. విలాసంగా పెంచుకుంటున్న చేపలు పారిపోకుండా అలుగుకు ఇనుపజల్లెడలు బిగించారు. 1889 మే 31వ తేదీన పెద్దవాన కురిసింది. జల్లెడలకు చెత్త పట్టింది. నీరు కట్టమీదనుంచి పొర్లింది. పధ్నాలుగు మైళ్ల దిగువన వున్న జాన్స్‌టౌన్ పట్టణంలో, ఆ చుట్టుపక్కల 2,209 మంది చనిపోయారు. తంతిద్వారా హెచ్చరికలు వెళ్లాయి. కాని ఏటా ఇదే మాట విని విని జనం లక్ష్యపెట్టలేదు. తరువాత దావాలు పడితే, అది దైవికమని తేలింది, క్లబ్బు ఒక్క డాలరు నష్టపరిహారం కట్టుకోలేదు.

వాన దైవికమే. జల్లెడ దైవికం కాదు.

మన ఉత్తరాంధ్రలో ఈ విషయం ఇంకా కాస్త పదునుగా వుంటుంది. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని, సువర్ణముఖి, వేగావతి, బాహుదా, మహేంద్రతనయ, ఇవన్నీ గోదావరిలాగా నెమ్మదిగా వచ్చే నదులు కావు. తూర్పుకనుమల్లో పుట్టి కొద్దిదూరంలోనే సముద్రంలోనో, మరో నదిలోనో కలిసేవి. కొండమీద వాన పడిన కొద్దిగంటలకే కింద గెడ్డ పొంగుతుంది. ఒక చదరపుమైలు కొండవాలుమీద ఆరు అంగుళాల వాన పడి, అందులో సగం భూమిలో ఇంకిపోయిందనుకున్నా, మిగిలిన నీరు ఎనభై ఎకరాల చెరువును రెండడుగులు పైకి లేపుతుంది. ఆ చెరువు అప్పటికే నిండివుంటే? మన ప్రాంతపు తుపానుల తారీఖులు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ 2021 సెప్టెంబరు 26. అంటే నైరుతి వానలకు చెరువులు నిండి, వరి పొట్టకు వచ్చి, రైతు చుక్కనీరు కూడా వదులుకోలేని రోజుల్లోనే బంగాళాఖాతం మీదికి వస్తుంది. బస్తాలు పేర్చే రోజులూ అవే, బస్తాలు వుండకూడని రోజులూ అవే. ఇందులో ఎవరినీ దుర్మార్గుడు అనడానికి లేదు. రైతు తన పంటకోసం పేరుస్తాడు, చేపలవాడు తన పెట్టుబడికోసం వల కడతాడు. తిలా పాపం తలా పిడికెడు.

ఇక చెమ్మ సంగతి. మట్టిగట్టు ఏదైనా కొంచెం చెమ్మగిల్లుతుంది. అంతమాత్రాన బెంగపడనక్కరలేదు. చూడవలసింది నీటి పరిమాణం కంటె ముందు నీటి రంగు. గట్టు మొదట్లో ఊరే నీటిని ఒక గాజుగ్లాసులో పట్టి కదపకుండా తెల్లవారేదాకా వుంచండి. అడుగున ఏమీ పేరుకోకపోతే గట్టు చెమరుస్తోందని అర్థం. సన్నని మట్టి పేరుకుంటే గట్టు లోపలినుంచి కరుగుతోందని అర్థం. ఊట పక్కన ఒక మేకు పాతి, చెరువులో నీటిమట్టం ఒకేలా వున్న రోజుల్లో ఊట పెరుగుతోందా లేదా గమనించండి. పెరుగుతూ, బురదగా వస్తూంటే ఆ రోజే ఇంజనీరుగారికి కబురు వెళ్లాలి, మర్నాడు కాదు.

ఇక్కడ పల్లెల్లో ఒక పొరపాటు జరుగుతూ వుంటుంది. ఊట కనబడగానే బంకమట్టి తెచ్చి దాని నోరు బిగించేస్తారు. లోపలి నీరు ఆగదు. ఇంకోచోట, ఇంకా బలంగా బయటపడుతుంది. చెయ్యవలసింది దానికి తిరగబడిన పని. ఊట చుట్టూ ఇసుకబస్తాలతో బావిగట్టులాగా ఒక వలయం పేర్చి, లోపల ముందు ఇసుక, దానిమీద కంకర వెయ్యాలి. నీరు వస్తుంది, మట్టి ఆగిపోతుంది. కాఫీ వడకట్టినట్టన్న మాట. ఈలోగా మదుము తెరిచి చెరువుమట్టం నెమ్మదిగా తగ్గించుకోవాలి. ఇసుకబస్తాకు తగిన చోటు ఇది. అలుగు కాదు.

గట్టును లోపల తొలిచేవాళ్లు చాలామంది వున్నారు. ఎలుకలు, పీతలు, చెదలు కలుగులు చేస్తాయి. తుమ్మ, రావి, తాడి గట్టుమీద మొలిస్తే నీడగానే వుంటాయి. ఆ చెట్టు ఎండిపోయాక దాని వేళ్లు కుళ్లి, వేరు వున్నచోట గొట్టంలాంటి బొరియ మిగులుతుంది. అందుచేత మొక్కగా వున్నప్పుడే పెరికెయ్యాలి. మాను అయ్యాక నిండుచెరువులో దాన్ని వేళ్లతో పెళ్లగించడం ఇంకా ప్రమాదం. గరిక మాత్రం గట్టుకు చీరలాంటిది, దాన్ని చెక్కకూడదు. గేదెలు దిగే దారి, ట్రాక్టరు ఎక్కే దారి దగ్గర గట్టు ఏటా కొంత అరుగుతుంది. గట్టంతా ఎంత ఎత్తు వున్నా ప్రయోజనం లేదు. వరద వెతుక్కునేది ఆ పల్లపు చోటునే. ఇక గట్టు మొదట్లో ఇటుకలకోసం మట్టి తవ్వేవారు, పెరడు పెంచుకోవడానికి వాలు చెక్కేవారు వున్నారు. వారిది చీమలపని కాదు, ఏనుగుపని.

"మా చెరువు చిన్నది, దానివల్ల ఎంత నష్టం?" అనేవారికి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టువి. పైచెరువు అలుగునీరు కిందచెరువుకు వస్తుంది. పైది తెగిందంటే ఆ నీరంతా ఒక్కసారిగా కిందదానిమీద పడుతుంది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి సుమారు 15,000 మంది చనిపోయిన వరద సంగతి అందరూ విన్నదే. దానిమీద విచారణ చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మూసీకి నీరిచ్చే ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. నగరాన్ని కాపాడడానికి ఆయన సలహా మీద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. పెద్ద వరద అంటే ఒక్కొక్కసారి చిన్న చెరువులన్నీ కలిసి చేసిన పనే.

ఇదంతా పాతకాలపు మాట అనుకోవద్దు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దానికి ముందు ఎగువన పింఛ ప్రాజెక్టు తెగింది. గొలుసుకట్టు అన్నది పెద్దవాటికీ వర్తిస్తుందన్న మాట. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్లు దెబ్బతిన్నాయి, ముప్ఫైమందికి పైగా ప్రాణాలు పోయాయి. అన్నమయ్య ప్రాజెక్టుకు వున్న ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదని తరువాత కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పారు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ మునిగింది. అక్కడ బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. బుడమేరు మామూలు రోజుల్లో దాటి వెళ్లేవాడు తలతిప్పి కూడా చూడని ఏరు.

అయితే ఇంతకూ ఈ గట్టుకు కాపు ఎవరు?

పూర్వం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానాల రోజుల్లో చెరువు జమీందారుది. మరమ్మతులో కొంత భాగం ఊరివాళ్ల ఒంటిచాకిరీ. 1858లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టమే చేసింది. గట్టుకు ప్రమాదం వచ్చినప్పుడు పిలిస్తే ఊరివాళ్లు వచ్చి తీరాలని, వాడుకగా చెయ్యవలసిన పని ఎగ్గొడితే రాబట్టవచ్చునని. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, చెరువులు ప్రభుత్వానికి వచ్చాయి. నూరు ఎకరాలకు పైగా ఆయకట్టు వున్నవి నీటిపారుదల శాఖకు, తక్కువ వున్నవి పంచాయతీలకు అని పంచుకున్నారు. 1997లో వచ్చిన చట్టంతో రైతుల నీటిసంఘాలు ఏర్పడ్డాయి. 2005 చట్టం కింద ఉపాధిహామీ కూలీలు ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి తనిఖీ చెయ్యాలని, ప్రమాదం వస్తే ఎవరు ఎవరికి చెప్పాలో ముందే రాసిపెట్టుకోవాలని అందులో వుంది. చాలా మంచి చట్టం. కాని అది పదిహేను మీటర్ల ఎత్తు దాటినవాటికి, పదికి పదిహేనుకు మధ్య వున్నవాటిలో కొన్ని పెద్దవాటికి మాత్రమే వర్తిస్తుంది. మన పల్లెల్లో చెరువుగట్టు పది మీటర్లు ఎక్కడుంటుంది? తోటపల్లికీ, మడ్డువలసకూ, తాటిపూడికీ ఇంజనీర్లు వున్నారు, రికార్డు పుస్తకాలున్నాయి. ఊరి వెనక చెరువుకు లస్కరు కూడా వుండడు.

ఇందులో ఇంకొక ముడి వుంది. నీటిసంఘంలో ఓటు ఆయకట్టులో భూమివున్న రైతుది. వేలంపాటలో మాట చేపలవాళ్లది. గట్టుకు దిగువన ఇల్లు తప్ప సెంటు భూమిలేని మనిషికి ఏ సంఘంలోనూ మాట లేదు. గండిపడితే మొదట పోయేది అతని ఇల్లే. రైతుకు నీరు కావాలి, చేపలవాడికి చేప కావాలి, ఇతనికి కావలసింది రాత్రి నిద్ర. మూడూ న్యాయమైన కోరికలే. మొదటి రెండింటికీ సంఘాలున్నాయి, మూడవదానికి అత్తగారొక్కరే వున్నారు.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. పంచాయతీ చేపల వేలం వేసేటప్పుడు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చవచ్చు: తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే అలుగుకు కట్టిన వల పాటదారు తీసెయ్యాలి, తీసినందువల్ల చేప పోతే అంతకు తగ్గట్టు పాట సొమ్ములో తగ్గింపు వుంటుంది అని. డబ్బు సంగతి ముందే తేలితే చీకట్లో వానలో గొడవ వుండదు. నీటిసంఘంవారు అలుగుమీద బస్తాలు పేర్చబోమని తీర్మానం రాసుకోవచ్చు. నీరు ఎక్కువ కావాలంటే దారి పూడిక తియ్యడం, అలుగు ఎత్తడం కాదు. సంఘం సమావేశానికి గట్టు దిగువ ఇళ్లనుంచి ఇద్దరిని, వారిలో ఒక ఆడమనిషిని, పిలిచి కూర్చోబెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. వాన రాత్రుల్లో గట్టు చూడడానికి ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, గండి ప్రమాదం వుంటే ఎవరు గుడిగంట కొట్టాలో, ముసలివాళ్లను, పిల్లలను ఏ మెరకకు చేర్చాలో ముందే అనుకోవాలి. దిగువ ఊరివాళ్ల ఫోను నంబర్లు పంచాయతీ గోడమీద రాసి వుంచాలి. ఒక్క జాగ్రత్త: భయంతో ఎవరికివారు గట్టు కొయ్యడానికి పలుగు ఎత్తకూడదు. ఎక్కడ కోస్తే నీరు ఎవరిమీద పడుతుందో తెలిసినవారు దగ్గర వుండి చేయించవలసిన పని అది.

మన పెద్దలు గ్రామదేవతను చెరువుగట్టు మీద నిలిపారు. విజయనగరం పైడితల్లి అమ్మవారు సాక్షాత్తు పెద్దచెరువులోనే వెలిసిందని చెబుతారు. సిరిమానోత్సవం తరువాత తెప్పోత్సవం ఆ చెరువులోనే. ఏడాదికి ఒకసారైనా ఊరంతా గట్టు ఎక్కాలన్న ఏర్పాటు ఇందులో వుందనిపిస్తుంది. చట్టం అడిగే రెండు తనిఖీలకూ మనకు పండగలు సిద్ధంగానే వున్నాయి. ఏరువాక పున్నమినాడు ఒకసారి ఊరంతా గట్టుమీద ఈ చివరనుంచి ఆ చివరకు నడవండి: పల్లాలు మట్టితో నింపండి, కలుగులు చూడండి, మదుము తలుపు ఎత్తి దించి చూడండి, అలుగు కాలువలో తూటికాడ నరకండి. దసరాకు ముందు రెండవసారి నడవండి. అప్పటికి చెరువు నిండివుంటుంది, ఊట ఎక్కడుందో తెలుస్తుంది. మూడునాలుగు పలుగులు, పది పారలు, రెండు గంటల ఎండ. అంతకుమించి ఖర్చు లేదు. చూసినవి ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి రాయండి. తాతలనాటి గట్టు అని గొప్ప చెప్పుకునే ముందు, తాతలు దాన్ని ఏటా నడిచి చూశారు గనుకనే అది మనదాకా వచ్చిందని గుర్తు పెట్టుకోవాలి.